పర్యాయనామం

తార్తులో, మూడో అంతస్తులో, కిటికీల్లేని గదిలో
ముప్పై ఒక్క ఏళ్లు నేను కవర్లు మడిచాను.
వాయికె తమ్యార్వ్ అడవి నుంచి మోసుకొచ్చినవాటికి
చొక్కాలు కుట్టడమన్నమాట.

కాగితం దొరకని కాలంలో
పాలకేంద్రం పాత లెక్కల పుస్తకాలు చింపి మడిచేదాన్ని.
ఇప్పటికీ కొన్ని సొరుగుల్లో
కవరు లోపల ఎండిన గొడుగు, కవరు మీద
ఏదో ఒక ఆవు ఏదో ఒక మంగళవారం ఇచ్చిన లీటర్లు.

రాత్రికి రాత్రే పుట్టుకొస్తాయని ఎవరన్నా అంటే
ఆవిడకు ఒళ్లు మండేది.
"రాత్రికి రాత్రేమిటి నాయనా,
పదేళ్లుగా నీ చెప్పుల కిందే ఉంది.
నువ్వు చూసిందే ఇవాళ."

దీవులకు వెళ్లాలంటే అప్పట్లో అనుమతి కాగితం ఉండాలి.
రేవు దగ్గర సైనికుడు బుట్ట బోర్లించి
ఒక్కోదాన్నీ లెక్కపెట్టాడట, నలభై మూడు.
తినేవా? కాదు.
అమ్మేవా? కాదు.
మరెందుకు?
దానికి జవాబు తన దగ్గర ఇప్పటికీ లేదని
నల్ల రొట్టె మీద వెన్న రాసుకుంటూ చెప్పేది.
ఆ కుర్రాడు మాత్రం చిన్నదొకటి జేబులో వేసుకున్నాడట,
రుజువుగానో, వాళ్లమ్మకు చూపించడానికో.

సెప్టెంబరు రాత్రుల్లో ఆసుపత్రి నుంచి ఫోన్లు.
నైట్‌గౌను మీద కోటు తొడుక్కుని పరుగు.
మూకుడు అడుగున అంటుకున్న వేపుడు ముక్కను
గాజు పలక మీద పరిచి, మైక్రోస్కోపుకి కన్ను ఆనించి,
బయట బెంచీ మీద ఒక తండ్రి టోపీ పిండుకుంటూ ఉంటే
"బతుకుతుంది, కడుపునొప్పే" అనేది.
అనలేని రాత్రులు రెండు.
ఆ కవర్లు కూడా నేనే మడిచాను. నంబర్లు చెప్పను.

ఇక ఆ బూడిదరంగు పొక్కు సంగతి.
కూలిన ఆస్పెన్ మాను పొట్ట కింద
ఎవరో పాలపొడి చల్లి తడిచేత్తో పులిమినట్టు.
గొడుగు లేదు, కాడ లేదు, అందం అసలే లేదు.
డెబ్బై నాలుగు అక్టోబరులో
బురదలో వెల్లకిలా పడుకుని కనిపెట్టింది.
దాని సిద్ధబీజాలు కొలవడానికి రెండు చలికాలాలు పట్టింది.
పేరు పెట్టింది: ఆరేళ్లకే పోయిన చెల్లెలు
హెల్వె పేరు, లాటిన్ తోక తగిలించి.
ముప్పై వేల కవర్లలో
ఆవిడ పెట్టిన పేరు అదొక్కటే.

మొన్న వసంతంలో కింది అంతస్తు తానెల్
గోరంత ముక్క తీసుకెళ్లి యంత్రంలో పెట్టాడు.
మూడు వారాల తర్వాత మెట్ల మీద నిలబడిపోయాడు,
పైకి రావాలో వద్దో తెలియక.
అదీ ఇదీ ఒకటేనట.
ఎవరో స్వీడన్ పాస్టరు నూట ముప్పై ఏళ్ల కిందటే
వేరే మాను మీద చూసి, వేరే పేరు రాసిపెట్టాడట.
ముందు పెట్టిన పేరే పేరు. తర్వాతది పర్యాయనామం.
చట్టం అంతే. అప్పీలు లేదు.

ఎనభై రెండేళ్ల మనిషి.
కాగితం రెండుసార్లు చదివింది.
"ఆయన బొమ్మ తప్పు గీశాడు, అందుకే పోల్చుకోలేకపోయాను" అంది.
కాసేపాగి, "నేనూ సరిగ్గా చూడలేదులే" అంది.
ఎర్ర సిరా అడిగింది.
సొరుగు నూట నాలుగు. పన్నెండు కవర్లు.
ఒక్కోదాని మీదా తన చేత్తోనే
చెల్లెలి పేరు పక్కన సమాన గుర్తు పెట్టి
పాస్టరు పేరు రాసింది.
కొట్టెయ్యలేదు. కొట్టెయ్యకూడదు, అదీ చట్టమే.
ఓడిన పేరును కూడా దాచి ఉంచాలి,
రేపెవరైనా దాన్ని వెతుక్కుంటూ వస్తే
దారి తెలియడానికి.

పదకొండో కవరు దగ్గర ఆగింది.
చెయ్యి బాగానే ఉంది, కళ్లజోడే మసకబారిందంది.
తుడిచి ఇచ్చాను.
పన్నెండోది రాసింది.

శరత్కాలం రాగానే వల్గా రైలెక్కి ఆ చోటికి వెళ్లాం.
మాను లేదు.
నాచు కప్పుకున్న పొడుగాటి గుబ్బ ఒకటి,
మనిషి పడుకుని లేచి వెళ్లిన పరుపులా.
ఆవిడ బూటుకాలు మోపింది.
మడమదాకా దిగింది, మెత్తగా.
"పని బాగానే చేసింది" అంది,
దేన్నీ పేరు పెట్టి పిలవకుండా.

లింగన్‌బెర్రీలు టోపీ నిండా ఏరుకున్నాం.
తిరుగు రైలు నలభై నిమిషాలు ఆలస్యం.